తెల్లమద్ది చెక్క: నమ్మకము, పరీక్ష

మన కవాడిగూడ, చిక్కడపల్లి ప్రాంతములలో గుండెపోటు వచ్చి ఆసుపత్రినుండి ఇల్లు చేరినవారికి పెద్దలు చెప్పు మందులలో తెల్లమద్ది చెక్క కషాయ మొకటి. వాగుల యొడ్డున పెరుగు ఈ చెట్టునే సంస్కృతమున అర్జునమందురు. 11వ శతాబ్దమునాటి చక్రపాణిదత్తుడు హృద్రోగమునకు దీని చెక్కను పాలతో కాచి యిమ్మనెను. ప్రాచీనమైనంత మాత్రమున మందు నిజమగునా? నాటు మందైనంత మాత్రమున అబద్ధమగునా? రెండును కావు. పరీక్షయే ప్రమాణము.

గుండెపోటనగా గుండె కండకు రక్తము కొనిపోవు నాళము గడ్డచే మూసికొనుట. నాళమును తెరచిన పిమ్మట సొమ్మసిల్లిన కండ కొన్ని వారములలో తనంత తానే కొంత కోలుకొనును. ఆ దినములలో కషాయము త్రాగినవాడు అదియే తన్ను బ్రదికించెననుకొనును. త్రాగనివాని గతి యేమో చూచినగాని నిజము తేలదు.

1997లో మన దేశమున ప్రకటింపబడిన యొక పరీక్షలో 12 మంది రోగులకు, మామూలు మందులతోపాటు, ఈ చెక్కపొడిని మూడు నెలలు ఇచ్చిరి. వారిలో పదుగురు గుండెపోటు తరువాత ఎదనొప్పితో బాధపడుచున్నవారు. మఱి 12 మందికి మామూలు మందులే యిచ్చిరి. నొప్పి ఇరువర్గములందును తగ్గెను. గుండె రక్తమును చిమ్ము శక్తి మాత్రము పొడి తినినవారిలోనే పెరిగెను. ఇది ఆశ గొలుపును గాని, 24 మందిని చూచి తీర్పు చెప్పరాదు.

2016లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు గుండె బలహీనత గల 100 మందిపై చేసిన పరీక్షను ప్రకటించిరి. కొందఱికి చెక్కసారమును, కొందఱికి మందు లేని మాత్రలను ఇచ్చిరి. ఎవరికేది యిచ్చిరో రోగికిగాని వైద్యునికిగాని తెలియదు. 12 వారములకు చూడగా, చెక్కసారమువలన ఆ శక్తి హెచ్చలేదు.

చీనావారు ఈ పద్ధతినే మిక్కిలి పెద్దయెత్తున నడిపిరి. తోంగ్‌శిన్‌లువో అనునది వారి దేశీయ మందు. జిన్‌సెంగ్ వేరేగాక జలగ, తేలు, జెఱ్ఱియు అందు చేరును. 2019, 2020 సంవత్సరములలో 124 ఆసుపత్రులలో, గుండెపోటు వచ్చి 24 గంటలైనను గడవనివారిని చీట్లు వేసినట్లు రెండు వర్గములు చేసిరి. 3,777 మంది ఫలితములు 2023లో వెలువడెను. గుండె మరణము, మఱల పోటు, పక్షవాతము మొదలగు ఆపదలు 30 దినములలో మందు లేని వర్గమున 99 మందికి, మందు తినిన వర్గమున 64 మందికి కలిగెను. ఏడాదికి లెక్కింపగా నూటికి 8.3, 5.3. కడుపు బాధలు మాత్రము మందు తినినవారికే ఎక్కువ. అది యెట్లు పనిచేసెనో ఇంకను తేలవలసియున్నది.

ఈ మూడు పరీక్షలలోను ఒక సంగతి గమనింపుడు. దేశీయ మందును ఆసుపత్రి మందులకు తోడుగా ఇచ్చిరేగాని బదులుగా ఇయ్యలేదు. కషాయమును నమ్మి ఆస్పిరిన్ మానినవాడు ఈ పరీక్షలలో నొకటియు చూపని త్రోవను నడచుచున్నాడు. స్టెంటు వేయించుకొనినవాడట్లు మానినచో నాళమున మఱల గడ్డ కట్టి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున మీ యింట అట్టి రోగి యున్నచో, త్రాగుచున్న కషాయమును వైద్యునికి దాచక చెప్పుడు. వైద్యుని నడుగక ఒక్క మాత్రయైనను మాననీయకుడు.