గుండె మోసే బరువుకు ఒక లెక్క

"డాక్టరుగారూ, నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు. మరి ఈ బి.పి. మాత్ర ఎందుకండీ?" మా ఓ.పి.లో తరచుగా వినిపించే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. గుండె కండరంలో ఒక్కొక్క కణం ఎంత భారం మోస్తున్నదో లెక్క వేస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

ఎడమ జఠరిక రక్తాన్ని బయటికి నెట్టాలంటే ఎదురుగా ఉన్న పీడనాన్ని జయించాలి. ఆ భారమంతా దాని గోడలోని కణాల మీదే పడుతుంది. పీడనాన్ని గది వ్యాసార్ధంతో, అంటే సగం వెడల్పుతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే ఆ భారం సుమారుగా తెలుస్తుంది. దీన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాప్లాస్ పేరుతో పిలుస్తారు. పై బి.పి. 120 నుండి 180కి పెరిగిందనుకోండి. గది, గోడ మారకపోతే భారం ఒకటిన్నర రెట్లవుతుంది.

కణాలు ఊరుకోవు. బస్తాలు మోసే మనిషి కండలు పెరిగినట్లు అవీ లావెక్కుతాయి. గోడ కూడా ఒకటిన్నర రెట్లు మందమైతే, అదే లెక్క ప్రకారం భారం మళ్ళీ మామూలుకు వస్తుంది! ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియకపోవడానికి ఇదొక కారణం. కాని మందమైన గోడ బిగుసుకుపోయి, రక్తం నిండే వేళ సరిగా సడలదు. లావైన కణాలకు చాలినంత రక్తం అందదు. చివరికి గది సాగి వెడల్పయితే వ్యాసార్ధం పెరిగి, భారం మరింత పెరుగుతుంది. ఆ భారానికి గది ఇంకా సాగుతుంది.

సాగడం ఎప్పుడూ చెడ్డదే అనుకోకండి. రక్తం ఎక్కువగా నిండి గోడ కాస్త సాగితే గుండె మరింత బలంగా ముడుచుకుంటుంది. 1895లో జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండెలోను, ఆ తరువాత ఇంగ్లండులో స్టార్లింగ్ కుక్క గుండెలోను దీన్ని చూపించారు. దానికీ ఒక హద్దుంది.

ఇదంతా మనిషి గుండెను కోసి చూడలేం కదా. ఎలుక గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది, మనది 72 సార్లు. కనుక దాని లెక్క మనకు నేరుగా సరిపోదు. అందుకే శాస్త్రజ్ఞులు కణాన్ని సమీకరణాలుగా రాసుకుంటారు. బరువు పెరిగేకొద్దీ కండరం నెమ్మదిగా ముడుచుకుంటుందన్న సూత్రాన్ని 1938లో ఎ.వి. హిల్ ఇచ్చారు. గుండె కణంలోని విద్యుత్తును 1960లో డెనిస్ నోబుల్ కంప్యూటరు మీద లెక్కించారు. 2004లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనిషి జఠరిక కణానికే అటువంటి లెక్క ప్రకటించారు. ఇప్పుడు విద్యుత్తు, కాల్షియం, ముడుచుకునే బలం అన్నిటినీ కలిపి, భారం మారితే కణం ఏం చేస్తుందో కంప్యూటరులో చూస్తున్నారు. సాగిన కణంలో విద్యుత్తు కూడా మారి గుండె లయ తప్పవచ్చని ఇలాంటి పరిశోధనలు వివరిస్తున్నాయి. అయితే ఫలానా వారి గుండెకు రేపేమవుతుందో ఈ లెక్కలు చెప్పలేవు. దానికి పరీక్షలే చేయాలి.

ఇక మాత్ర సంగతి. అది ఆ లెక్కలోని పీడనాన్ని తగ్గిస్తుంది. బి.పి.ని అదుపులో ఉంచితే చాలామందిలో మందమైన గోడ కొంత పల్చబడుతుంది కూడా. కాబట్టి బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు మాత్ర మానకండి. ఎకో రిపోర్టులో గోడ మందం, గది వెడల్పు అంకెల్లో రాసి ఉంటాయి. ఈసారి వచ్చేటప్పుడు పాత రిపోర్టు కూడా తెచ్చుకోండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాం.