తీపితో తగ్గని వణుకు

ఇంట్లో పెద్దవాళ్ళకు చెయ్యి వణికితే నోట్లో ఇంత పంచదార వెయ్యడం పల్లెల్లో మామూలే. మధుమేహానికి మందులు వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి వణుకు వస్తే, స్పృహలో ఉన్నంతవరకు అది సరైన పనే. కాని పార్కిన్సన్ వ్యాధి వణుకు వేరు. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నా వేళ్ళు మాత్రలు చుడుతున్నట్టు ఆడుతుంటాయి. అడుగులు చిన్నవవుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఆ వణుకు తీపితో తగ్గదు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వివరంగా వర్ణించడంతో ఆయన పేరే దీనికి వచ్చింది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడమే వణుకుకు మూలం.

ఈ రోగుల్లో చాలామందికి తీపి మీద యావ పెరుగుతుంది. తిన్నప్పుడు కలిగే తృప్తిలో డోపమైన్‌కూ పాత్ర ఉంది. అది తగ్గడమే ఈ యావకు కారణం కావచ్చునని పరిశోధకుల ఊహ. ప్రామిపెక్సోల్ వంటి మాత్రలు వాడే కొందరికి తిండి మీద అదుపే తప్పుతుంది. అందువల్ల "ముసలితనంలో ఈ జిహ్వచాపల్యమేమిటి?" అని కసరడం తగదు. డాక్టరుకు చెబితే అవసరాన్నిబట్టి మందు మారుస్తారు.

చక్కెర తిన్నందువల్లే ఈ జబ్బు వస్తుందని రుజువు కాలేదు. అయితే మధుమేహం కూడా తోడైనవారిలో నడక, కదలికలు త్వరగా దెబ్బతింటున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. మిఠాయితో కడుపు నిండితే కూర, పప్పు తగ్గి, ఈ రోగులను ముందునుంచే వేధించే మలబద్ధకం ముదురుతుంది. బెల్లమైతే ఫరవాలేదనుకోవడం పొరపాటు, అదీ చక్కెరే. దానికి బదులు జామకాయ, బొప్పాయి ముక్కలు పెట్టవచ్చు. మధుమేహం ఉంటే వాటికీ కొలత ఉండాలి.

ఇక మాత్ర సంగతి. ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. దాన్ని తియ్యటి పాలతోనో, కోవా తిన్న వెంటనేనో వేసుకుంటే ఫలితం తగ్గవచ్చు. ఇక్కడ అడ్డం చక్కెర కాదు, పాలలోని మాంసకృత్తులు. అవి పేగుల్లో మందుతో పోటీపడి దాన్ని ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి అరగంట ముందుగాని, తిన్న గంట తర్వాతగాని మంచినీళ్ళతో వేసుకోవడం మేలు. అలాగని పప్పు, పాలు మానెయ్యకూడదు. వేళ మార్చుకుంటే చాలు. ఖాళీ కడుపున వికారం పుడితే గుప్పెడు మరమరాలు తినవచ్చు.

వణుకు కాస్త తగ్గిందనో, డబ్బు చాలలేదనో లెవోడోపాను ఒక్కసారిగా ఆపడం ప్రాణాపాయం. అలాంటి ఇబ్బంది వస్తే, మాత్రలు అయిపోకముందే డాక్టరును కలవాలి.