పాత కంప్యూటర్‌కు కొత్త ర్యామ్, డిస్క్ వేశాక ఆన్ కావడం లేదా? ఫార్మాట్‌కు ముందు ఇవి చూడండి

కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు రైతు ఇళ్లలో పిల్లల చదువు కోసం ఎప్పుడో కొన్న కంప్యూటర్ ఇప్పుడు లెక్కల పెట్టె అయింది. సార్వా, దాళ్వా ఖర్చులు, కౌలు లెక్కలు, రొయ్యల చెరువుకు వేసిన మేత, అడంగల్, 1బీ కాపీలు, తుపానుకు పడిపోయిన చేను ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. అది నెమ్మదించిందని కొత్త ర్యామ్ గానీ, ఎస్‌ఎస్‌డీ గానీ వేస్తారు. తీరా స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంటుంది, లేదా ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వచ్చి అక్కడే ఆగిపోతుంది.

అలాంటప్పుడు కంగారు పడకండి. మీ లెక్కలు ఉండేది హార్డ్ డిస్క్‌లో. ర్యామ్ కుదరకపోయినా, లోపలి సెల్ అయిపోయినా, చివరికి మదర్‌బోర్డు కాలిపోయినా, డిస్క్ బాగుంటే లెక్కలు ఎక్కడికీ పోవు. వాటిని పోగొట్టేది చాలాసార్లు యంత్రం కాదు, కారణం వెతక్కుండా చేసే ఫార్మాట్. అందుకే ఈ కింది పరీక్షలన్నీ అయ్యేవరకు ఆ మాట ఎవరన్నా వద్దనండి.

వేసినది తీసి చూడండి

ముందుగా తెర మీద వచ్చిన వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్, ప్రింటర్, వేలిముద్ర పరికరం అన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రం ఉంచి ఆన్ చేయండి. మరిచిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ వెతుక్కుంటూ కంప్యూటర్ ఆగిపోవడం మామూలే. అదే కారణమైతే పని అక్కడితో అయిపోయినట్టే.

కాకపోతే స్విచ్ ఆపి, ప్లగ్ గోడ నుంచి పూర్తిగా పీకేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా క్యాబినెట్ రేకును చేత్తో తాకి, కొత్తగా వేసిన భాగాన్ని తీసి, పాతవి ఎలా ఉండేవో అలాగే పెట్టి ఆన్ చేయండి. ఇంతకుముందు క్యాబినెట్ తాకినప్పుడు చెయ్యి జివ్వుమనేదైతే ఎర్త్ లేదని అర్థం. అది సరిచేయించేవరకు మూత తీయకండి.

పాత భాగాలతో మామూలుగా ఆన్ అయితే లోపం కొత్త భాగంలోనో, అది కూర్చున్న తీరులోనో ఉంది. పాత భాగాలతోనూ ఆన్ కాకపోతే, మూత తీసి కదిపినప్పుడు మరేదో వదులైంది, లేదా సెల్ అయిపోయింది. ఒకేసారి రెండు భాగాలు వేసి ఉంటే రెండూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. ర్యామ్, డిస్క్ కలిపి వేస్తే తప్పు ఎవరిదో తేలదు.

తేదీ పాత సంవత్సరానికి వెళ్లిందా?

దీన్ని చాలామంది పట్టించుకోరు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్ ఉంటుంది. దాని పేరు సీఆర్2032, శక్తి 3 వోల్టులు. తేదీ, సమయం, డిస్క్‌ల వరుస వంటి అమరికలను నిలిపి ఉంచేది అదే. ప్లగ్ గోడకు ఉన్నంతకాలం ఆ సెల్ మీద భారం పెద్దగా పడదు. కాబట్టి అది ఎప్పుడో నీరసించినా మీకు తెలియదు. ర్యామ్ వేయడానికి ప్లగ్ పీకిన రోజున అమరికలన్నీ చెరిగిపోతాయి. మీరేమో ర్యామ్ చెడిపోయిందనుకుంటారు.

గుర్తు పట్టడం తేలిక. 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' అనో, 'ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ' అనో వస్తుంది. తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంది. ఎఫ్1 నొక్కితే విండోస్ వచ్చినా, తేదీ తప్పు కాబట్టి బ్యాంకు సైట్లు, మీభూమి వంటివి తెరుచుకోకపోవచ్చు. అది ఇంటర్నెట్ లోపం కాదు. గడియారాల సెల్స్ అమ్మే చోట కూడా ఇది దొరుకుతుంది. ప్లగ్ పీకి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా వేయండి.

సెల్ మార్చాక కూడా విండోస్ బొమ్మ వచ్చి నీలి తెర పడుతుంటే, లేదా దానంతటదే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే, నీలి తెర మీది కోడ్ చివర 7బి అని ఉందేమో చూడండి. ఉంటే చాలాసార్లు 'సాటా మోడ్' అనే అమరిక మారిపోయి ఉంటుంది. ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ, ఎఫ్2 గానీ వరుసగా నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ ఆ అమరిక ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి, ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈకి మార్చి, సేవ్ చేసి బయటకు రండి. కుదరకపోతే తిరిగి మార్చేయవచ్చు, దీనివల్ల లెక్కలు చెరిగిపోవు. ఇంత చిన్న పనికి డిస్క్ మొత్తం తుడిచేయడం గట్టు తెగిందని చెరువు పూడ్చేసినట్టు ఉంటుంది.

ర్యామ్ వేశాక బీప్, నల్ల తెర

ఆన్ చేయగానే పొడవాటి బీప్ శబ్దం ఆగకుండా వస్తుంటే చాలా బోర్డుల్లో అది ర్యామ్ గురించే. లోపల స్పీకర్ లేని క్యాబినెట్లలో శబ్దం రాదు, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది.

డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ర్యామ్‌లు చూడ్డానికి ఒకే పొడవు. కింది అంచులో ఉండే గాడి మాత్రం ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది. గాడి కుదరకపోతే అది మీ బోర్డుది కాదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. గాడి కుదిరితే రెండు కొనలూ టక్ మని శబ్దం వచ్చేలా నొక్కాలి. ఒక కొన ఎక్కి, రెండోది సగంలో ఆగడం చాలాసార్లు జరుగుతుంది.

గాడి కుదిరినా పని చేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే కొన్ని 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొస్తాయి. ఆ సంగతి వివరాల్లో ఎక్కడో మూలన రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో వేస్తే నల్ల తెరే. ఇంటెల్ జీ41 అనే పాత రకం బోర్డులతోనూ ఇబ్బంది ఉంది. 4 జీబీ ర్యామ్‌కు రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదైతేనే అవి తీసుకుంటాయి. ఒక వైపు 8 చిప్‌లతో వచ్చేది పట్టదు. అందుకే కొనేముందు బోర్డు మీది పేరు, పాత ర్యామ్ స్టిక్కర్ ఫొటో తీసి దుకాణదారుకు చూపించండి. పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి.

ర్యామ్ పట్టి విండోస్ కూడా వచ్చి, గంటకోసారి ఆగిపోతుంటే స్టార్ట్ మెనూలో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికి పరీక్ష నడపండి. లోపం ఉందని చూపితే ఆ ర్యామ్ మీద లెక్కలు రాయకండి, ఫైళ్లు పాడవుతాయి. అన్నట్టు, విండోస్ 32 బిట్ అయితే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడుకోదు. అది కూడా కొనేముందే చూసుకోవాల్సిన సంగతి.

కొత్త డిస్క్ వేశాక

'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' లేదా 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అని వస్తే, విండోస్ ఏ డిస్క్‌లో ఉందో కంప్యూటర్‌కు దొరకలేదని అర్థం. బయోస్‌లో 'బూట్' అనే పేజీలో పాత డిస్క్‌ను మొదటి వరుసలో పెట్టండి. అసలు అక్కడ పాత డిస్క్ పేరే కనపడకపోతే, కొత్తది బిగించేటప్పుడు దాని సన్నని డేటా కేబుల్ గానీ, వెడల్పాటి పవర్ కేబుల్ గానీ ఊడి ఉంటుంది. రెండూ తీసి మళ్లీ గట్టిగా గుచ్చండి. కేబుల్ మార్చి చూడండి. పాత డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి, అది నిజంగా డిస్క్ జబ్బే.

గ్రాఫిక్స్ కార్డు వేసినవారు మానిటర్ కేబుల్‌ను పాత చోటు నుంచి తీసి కార్డుకు గుచ్చాలి. ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే పాత ఎస్‌ఎంపీఎస్ ఆ భారం మోయలేకపోతోందని అనుమానించాలి.

మన ఉప్పుగాలి సంగతి

హంసలదీవి దాకా సముద్రం, చుట్టూ ఉప్పు చెరువులు. ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టే ఇక్కడ ర్యామ్ కాళ్లకు, కేబుల్ కొనలకు మసక పొర పడుతుంది. ఏళ్లుగా కదలకుండా ఉన్నంతకాలం ఎలాగో పని చేసిన అతుకు, కొత్త భాగం కోసం ఒకసారి కదిపేసరికి తప్పుకుంటుంది. కాబట్టి కొత్త ర్యామ్‌ను నిందించేముందు పాత ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బ్రష్‌తో దులపండి. గరుకు కాగితం వద్దు, బంగారు పూత పోతుంది. పెట్రోలు, కిరోసిన్, తడి గుడ్డ అసలే వద్దు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు, పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టాలి. యూరియా, పొటాష్ బస్తాలు ఉన్న గదిలో కంప్యూటర్ ఉంచకండి, ఆ పొడి తేమను పీల్చి లోహాన్ని తింటుంది.

దుకాణానికి తీసుకెళ్లాల్సి వస్తే

అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో ఇచ్చేటప్పుడు ఫోన్‌లో తీసిన తెర ఫొటో చూపించండి. ఏ భాగం వేశారో, తీసినప్పుడు ఏం జరిగిందో చెప్పండి. 'లోపల లెక్కలున్నాయి, నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయవద్దు' అని చీటీ రాసి క్యాబినెట్‌కు అతికించండి. నోటిమాట మరుసటి రోజు పనిచేసే కుర్రాడికి చేరకపోవచ్చు.

మరీ అనుమానంగా ఉంటే డిస్క్ తీసి ఇంట్లోనే ఉంచుకుని, మిగతా పెట్టె మాత్రమే ఇవ్వండి. నల్ల తెర, బీప్, సెల్ వంటి లోపాలు చూడటానికి మీ డిస్క్ అవసరం లేదు. ఆ డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్ ఉండే డిస్క్ పెట్టెలో వేసి మరో కంప్యూటర్‌కు గుచ్చితే ఫైళ్లు కనపడతాయి. 'ఫార్మాట్ చేయాలా' అని విండోస్ అడిగితే 'క్యాన్సిల్' నొక్కండి. ఫైళ్లు కనపడిన వెంటనే కౌలు లెక్కలు, భూమి కాగితాలు, చేను ఫొటోలు ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఆ తర్వాతే మిగతావి.