తలవ్రాతయు, మానవుని బాధ్యతయు

చేసిన తప్పును తలవ్రాతపై త్రోసివేయుట మన దేశమున క్రొత్త గాదు. ఇప్పుడు కొందఱు ఆ వ్రాతను నొసటినుండి తీసి మెదడులో నుంచి, దానికి శాస్త్రమను పేరు పెట్టుచున్నారు. మెదడే సర్వమును నిర్ణయించుచున్నదనియు, మానవుడు నిమిత్తమాత్రుడనియు, కావున నేరమునకు బాధ్యుడెవ్వడును లేడనియు వారి వాదము.

ఇందులకు ముఖ్యాధారముగ జూపబడునది అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రకటించిన పరిశోధన. తోచినప్పుడు చేతిని కదల్పుడనియు, కదల్పవలెనను కోరిక యెప్పుడు కలిగెనో గడియారమువంటి యంత్రమును జూచి చెప్పుడనియు ఆయన కొందఱిని కోరెను. చేయి కదలుటకు సుమారు 550 మిల్లీసెకండ్లకు ముందే మెదడులో విద్యుచ్చలనము ఆరంభమయ్యెను. కోరిక కలిగినట్లు వారు చెప్పినదో, సుమారు 200 మిల్లీసెకండ్లకు ముందు మాత్రమే.

ఈ ప్రయోగమును మేము తృణీకరింపము. కాని దానిపై కట్టిన మేడ నిలువదు. కోరిక కలిగిన పిదపనైనను దానిని ఆపుకొను శక్తి మానవునికి కలదని లిబెట్టే వ్రాసెను. ఆ చలనము ముందే జరిగిపోయిన నిర్ణయము కానక్కఱలేదనియు, మెదడులో సహజముగ గలుగు హెచ్చుతగ్గుల ఫలము కావచ్చుననియు 2012లో ఆరన్ షుర్గర్ మొదలగువారు వాదించిరి. అదియునుగాక, ఊరక చేయి కదల్చుట వేఱు. దొంగపత్రము సృష్టించి పొరుగువాని పొలము నపహరించుట వేఱు. రెండవదానికి దినముల తరబడి ఆలోచన కావలెను. మానుకొనుటకు అడుగడుగునను అవకాశము కలదు.

మతి స్థిమితము లేనివానిని మన శాసనము వేఱుగనే చూచుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను వానికి రక్షణ మొసగెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను ఆ రక్షణమును నిలిపినది. చిత్తవైకల్యముచేత, తాను చేయుచున్న దెట్టిదో, అది తప్పో ఒప్పో ఎఱుగజాలనివానికే ఆ మినహాయింపు. మెదడు పనిచేసెనా యని న్యాయస్థాన మడుగదు; మెదడు పనిచేయని చేత యేది? తెలిసికొనగల శక్తి వానికుండెనా యనునదియే ప్రశ్న.

కారణము చెప్పుట వేఱు, సాకు చెప్పుట వేఱు. 1922 మార్చి 18న అహమ్మదాబాదు న్యాయస్థానమున గాంధీజీ, రాజభక్తుడైన తాను ప్రభుత్వ విరోధి యగుటకు గల కారణములను వివరించెను. కాని వానిలో నొక్కదానినైనను సాకుగ వాడుకొనలేదు. నేరము నంగీకరించి, గరిష్ఠ శిక్షనే కోరెను. ఆరేండ్ల కారాగారము పొందెను.

మెదడు శాస్త్రజ్ఞులు కారణములను వెదకుదురుగాక. రోగికి చికిత్స దొరకునుగాక. తెలిసి చేసినవాడు మాత్రము జవాబు చెప్పుకొనియే తీరవలెను. స్వరాజ్యమనగా తన్ను తాను పాలించుకొనుట. తన చేతకు తాను జవాబుదారి గానివానికి అది పేరునకు మాత్రమే దక్కును.