గిటారు నట్టు: ఎంపిక, అమరిక

ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకొనే పిల్లవాడు మొదటి మెట్టు వద్ద తీగను నొక్కలేక, వ్రేళ్లు నొప్పి పుట్టి, కొన్నాళ్లకే వాద్యాన్ని మూలన పెట్టేయడం కద్దు. శ్రుతి సరిచేసినా మొదటి మెట్లపై స్వరం హెచ్చుగా పలికితే ‘వీడికి స్వరజ్ఞానం లేదు’ అని పెద్దలు తేల్చివేస్తారు. ఆ మాట అనే ముందు నట్టును ఒకసారి పరీక్షించడం న్యాయం.

వీణలో మేరువు చేసే పనినే గిటారులో నట్టు చేస్తుంది. బిరడల నుండి వచ్చే ఆరు తీగలూ మెడపైకి ప్రవేశించే చోట ఉండే సన్నని అడ్డుపట్టీ ఇది. దీనిపై గల గాళ్లు తీగల ఎత్తును, ఎడమును నిర్ణయిస్తాయి. గాడి ఎత్తుగా ఉంటే తీగను ఎక్కువ దూరం నొక్కవలసి వస్తుంది. తీగ అదనంగా సాగి స్వరం హెచ్చుతుంది. గాడి మరీ లోతైతే నొక్కని తీగ మొదటి మెట్టుకు తగిలి జరజరమంటుంది. నొక్కినప్పుడు కూడా అదే మోత వస్తే లోపం వేరొక చోట ఉందని గ్రహించాలి.

కొత్త నట్టు కొనే ముందు పాతదాని పొడవు, మందము, ఎత్తు, మొదటి తీగకూ ఆరవ తీగకూ మధ్య దూరము కొలుచుకోవాలి. గిటార్లన్నిటికీ ఒకే నట్టు సరిపోదు. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహాలో సుమారు 3.2 మిల్లీమీటర్ల మందపు పట్టీ మెడపై కోసిన కాలువలో కూర్చుంటుంది. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ తరహాలో అంతకంటే మందమైన పట్టీ మెట్లపలక చివర ఆనుకొని ఉంటుంది. అడుగు భాగం చదునుగా ఉందో, వంపుగా ఉందో కూడా చూడాలి. తీగలను మరలతో బిగించే లోహపు నట్టు వేరు పద్ధతికి చెందినది. ఈ వివరణ దానికి వర్తించదు.

పదార్థాలలో బోలు ప్లాస్టిక్ చవక, కాని త్వరగా అరిగిపోతుంది. ఎముక గట్టిది, చక్కగా నునుపు దేరుతుంది. మీట నొక్కి స్వరాన్ని ఊపే గిటారుకు తీగ సులువుగా జారే గ్రాఫైట్ మిశ్రమం అనుకూలం. ముందే గాళ్లు కోసిన నట్టు కొంటే ఇంటి వద్ద శ్రమ తగ్గుతుంది.

పాతదాన్ని తీసేటప్పుడు తీగలు విప్పి, నట్టు అంచుల వెంట వార్నిష్‌ను పదునైన కత్తితో గీయాలి. గీయకుండా ఊడబెరికితే చెక్క పెచ్చులూడుతుంది. తరువాత చిన్న చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి. మిగిలిన జిగురును గీకి శుభ్రం చేయాలి.

కొత్తదాన్ని అద్దంపై పరచిన గరుకు కాగితం మీద రుద్ది సరిచేయాలి. ఎముక పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వ్రేలితో ఒత్తితే కూర్చునేంత బిగువు చాలు, సుత్తితో దిగగొట్టరాదు.

జిగురు వేయకుండానే తీగలు బిగించి శ్రుతి చేయాలి. మెడ వంపు సరిగా ఉందని నిర్ధారించుకొన్నాకే గాళ్లను ముట్టాలి. ఒక్కొక్క తీగను మూడవ మెట్టు వద్ద నొక్కి, మొదటి మెట్టుపై చూడండి. వెంట్రుకవాసి సందు ఉంటే ఎత్తు సరిపోయినట్లే. ఎక్కువ ఉంటే గాడిని కొద్దికొద్దిగా ఆకురాయాలి. గాడి బిరడల వైపు కొంచెం వాలుగా ఉండాలి. ఒక్కొక్క రాపిడికీ తిరిగి కొలవడం మంచిది. తీసిన పదార్థాన్ని తిరిగి అతికించలేము. లోతు మించితే నట్టు కింద పలుచని కాగితపు పొర ఉంచడం తాత్కాలిక ఉపాయం.

శ్రుతి చేసేటప్పుడు తీగ టిక్కుమంటూ గెంతితే గాడి ఇరుకైనదని అర్థం. కాస్త వెడల్పు చేసి, పెన్సిల్ మొన పొడి పూస్తే తీగ సాఫీగా జారుతుంది. అంతా కుదిరాక అడుగున ఒక్క చుక్క చెక్క జిగురు చాలు. మరొకసారి మార్చవలసి వచ్చినా అది తేలికగా ఊడి వస్తుంది. పాత నట్టును పారవేయక దాచి ఉంచితే కొలతలకు పనికి వస్తుంది.