పెట్టె మీది లీటర్లు, ట్యాంకులోని చేపలు: ప్రోటీన్ స్కిమ్మర్‌పై అపోహలు – వాస్తవాలు

కందిపప్పు పొంగు వచ్చేటప్పుడు పైన తెట్టె కడుతుంది. వంట చేసేవాళ్లు దాన్ని గరిటెతో తీసి పారబోస్తారు. పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో ప్రోటీన్ స్కిమ్మర్ చేసే పని కూడా ఇలాంటిదే. అది నీళ్లలోకి సన్నటి గాలి బుడగలు వదులుతుంది. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, పగడాలు వదిలే జిగురు వంటివాటిలోని సేంద్రియ పదార్థాలు కొంతవరకు నీరూ గాలీ కలిసేచోట చేరతాయి. అలా బుడగ ఒంటికి అంటుకుని పైకి తేలి, మెడలాంటి గొట్టం దాటి కప్పులో మురికినీరుగా పడతాయి. ఇంత తేలికైన సంగతి చుట్టూ చాలా అపోహలు పేరుకుపోయాయి. తప్పు ఎంపిక వల్ల డబ్బూ పోతోంది, ప్రాణులూ పోతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: పెట్టె మీద 500 లీటర్లని ఉంటే 500 లీటర్ల ట్యాంకుకు సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆ అంకె వేయడానికి కంపెనీలన్నీ పాటించే కొలబద్ద ఏదీ లేదు. చేపలు తక్కువున్న ట్యాంకును దృష్టిలో పెట్టుకుని పెద్ద అంకె వేసేవాళ్లున్నారు. కొందరు మాత్రం చేపలు తక్కువుంటే ఇంత, మధ్యస్థంగా ఉంటే ఇంత, ఎక్కువుంటే ఇంత అని మూడు అంకెలు ఇస్తారు. మూడో అంకె మొదటిదానిలో సగమో, అంతకన్నా తక్కువో ఉండటం మామూలే.

స్కిమ్మర్ మీద పడే బరువు నీళ్లది కాదు, ఆ నీళ్లలో చేరే మురికిది. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకులో అంచుదాకా దాదాపు 255 లీటర్లు పడతాయి. అందులో రెండు క్లౌన్ చేపలు, కాసిని మెత్తటి పగడాలు ఉంటే చిన్న స్కిమ్మర్ చాలు. అదే ట్యాంకులో రోజుకు మూడుసార్లు మేత తినే చేపలు డజను ఉంటే చిన్నది చేతులెత్తేస్తుంది. కాబట్టి కొనే ముందు మీరు రోజూ ఎంత మేత వేస్తున్నారో, ఏడాది తర్వాత ఎన్ని చేపలుంటాయో లెక్క వేసుకోండి. ఆ లెక్కకు తగ్గ అంకెనే చూడండి. మొదటి అంకెను నేనైతే చదవను కూడా.

అపోహ: అలాగైతే ఎంత పెద్దది కొంటే అంత మంచిది.

వాస్తవం: నురగ మెడలో నిలబడి పైకి ఎక్కాలంటే దాన్ని పట్టి ఉంచేంత సేంద్రియ పదార్థం నీళ్లలో ఉండాలి. మెడ మరీ వెడల్పై మురికి తక్కువైతే బుడగలు సగంలోనే చితికిపోతాయి. ఒకరోజు నురగ వస్తుంది, రెండు రోజులు రాదు. అవసరం కన్నా ఒక మెట్టు పెద్దది చాలు. మూడు మెట్లు ఎక్కితే కరెంటు దండగ.

అపోహ: స్కిమ్మర్ ఉంటే నైట్రేట్, ఫాస్ఫేట్ బాధ ఉండదు.

వాస్తవం: నీళ్లలో కరిగిపోయిన నైట్రేట్, ఫాస్ఫేట్ బుడగకు అంటుకోవు. అవి తయారుకాక ముందే, వాటికి మూలమైన మురికిని కొంత బయటికి లాగడమే స్కిమ్మర్ పని. ఆ ‘కొంత’ ఎంతో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ బృందం కొలిచి ప్రచురించింది. వాళ్లు పరీక్షించిన స్కిమ్మర్లు నీళ్లలోని మొత్తం సేంద్రియ కర్బనంలో సుమారు 20 నుంచి 35 శాతం మాత్రమే తీయగలిగాయి. మిగతాది రాళ్లలోని బ్యాక్టీరియా, నీటి మార్పిడి, యాక్టివేటెడ్ కార్బన్ చూసుకోవాలి. బెర్లిన్ పద్ధతిగా పేరుపడిన విధానంలోనూ మంచి స్కిమ్మర్ పక్కన లైవ్ రాక్ (బ్యాక్టీరియా ఉన్న ఆ రాళ్లే) ఉండి తీరాల్సిందే. ఖరీదైన స్కిమ్మర్ కొన్నామని నీళ్లు మార్చడం మానేసిన ట్యాంకుల్లో నాచు అల్లుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: కప్పులో నల్లటి చిక్కటి మురికి పడితేనే బాగా పనిచేస్తున్నట్టు.

వాస్తవం: రంగు మీరు పెట్టిన సర్దుబాటును బట్టి ఉంటుంది. లోపలి నీటి మట్టం తగ్గిస్తే నురగ ఆరి, చిక్కగా, తక్కువగా వస్తుంది. పెంచితే పలచటి టీ రంగులో ఎక్కువగా వస్తుంది, మొత్తమ్మీద మురికీ ఎక్కువే పోవచ్చు. అయితే పలచటి మురికితో ఉప్పూ పోతుంది. 250 లీటర్ల ట్యాంకు నుంచి రోజుకో లీటరు అలా పోతూ, ఆ లోటును ఆటో టాప్-అప్ మంచినీళ్లతో నింపుతుంటే, పది రోజుల్లో ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ల నుంచి దాదాపు 33.6కు దిగుతుంది. పగడాలకు ఇది చిన్న మార్పు కాదు.

అపోహ: బిగించిన రోజే నురగ రాకపోతే మెషీన్ చెడ్డది.

వాస్తవం: కొత్త ప్లాస్టిక్ మీద తయారీనాటి జిడ్డు ఉంటుంది. అది పోయి నురగ కుదురుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. తర్వాత కూడా నూనె ఉన్న మేత వేసినా, ట్యాంకులో చెయ్యి పెట్టినా నురగ కొన్ని గంటలు పడిపోతుంది. దానంతటదే లేస్తుంది, మీట తిప్పకండి. మెడ లోపలి జిడ్డును మాత్రం రెండు మూడు రోజులకోసారి తుడవాలి. గాలి గొట్టంలో ఉప్పు పేరుకుంటే గోరువెచ్చటి నీళ్లు, పంపుకు పట్టిన సున్నానికి వెనిగర్ చాలు.

అపోహ: సంప్‌లో ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: సంప్ అంటే ట్యాంకు కింద పెట్టే తొట్టె. అందులో నీరు ఆవిరై మట్టం వేలెడు తగ్గినా లోపలి నురగ మారిపోతుంది. కాబట్టి మట్టం కదలని అరలోనే పెట్టాలి, మాన్యువల్‌లో చెప్పిన లోతులోనే పెట్టాలి. కరెంటు పోయినప్పుడు పై ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ ఎత్తు నీళ్లలో మొదలై కప్పు పొంగి పారుతుంది. నా మొదటి ట్యాంకులో అలా వారం రోజుల మురికంతా ఒక్క రాత్రిలో తిరిగి నీళ్లలో కలిసింది. కోతలున్న ఊళ్లో స్కిమ్మర్ పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ పెట్టుకోవడం తప్పనిసరి.

ఇంకో మాట. తలుపులు బిగించిన ఏసీ గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను స్కిమ్మర్ నీళ్లలోకే లాగుతుంది, పీహెచ్ పడిపోతుంది. గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: మంచినీటి ట్యాంకుకూ ఇదే వాడొచ్చు.

వాస్తవం: విశాఖ తీరంలో అల విరిగితే నురగ కాసేపు నిలుస్తుంది. గోదావరి రేవులో నీళ్లు చిమ్మితే బుడగలు వెంటనే పోతాయి. ఉప్పు బుడగలను ఒకదాంతో ఒకటి కలవనివ్వదు, అందుకే అవి సన్నగా ఉంటాయి. మంచినీళ్లలో ఆ వీలు లేదు.

అపోహ: స్కిమ్మర్ లేకుండా పగడాలు బతకవు.

వాస్తవం: చేపలు తక్కువున్న 60, 70 లీటర్ల ట్యాంకులో వారం వారం 10 నుంచి 20 శాతం నీళ్లు మారిస్తే పగడాలు హాయిగా పెరుగుతాయి. అలాంటి ట్యాంకు ఉన్నవాళ్లు ఆ డబ్బు మంచి ఆర్వో ఫిల్టరుకు పెట్టడమే మేలని నా అభిప్రాయం. పెద్ద ట్యాంకుకు స్కిమ్మర్ కొనేవాళ్లు మాత్రం దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసుకుని సంప్ అర పొడవు, వెడల్పు, అందులో నీటి లోతు, కప్పు పైకెత్తి తీయడానికి క్యాబినెట్‌లో ఉన్న ఖాళీ కొలిచి, కాగితం మీద రాసుకుని వెళ్లండి.