దాపరికం ఎరుగని బీరు: మ్యూనిక్ 'హెల్లెస్' రుచిని నిర్ణయించడం ఎలా?

మసాలా దట్టించిన కూరలో వంటవారి పొరపాటు కొంతవరకు దాగుతుంది. తేట చారులో దాగదు. ఉప్పు ఒక పలుకు ఎక్కువైనా, పోపు కాస్త మాడినా నాలుక వెంటనే పసిగడుతుంది. జర్మనీలోని మ్యూనిక్ నగరపు లేత రంగు బీరు 'హెల్లెస్' అటువంటిదే. దానిని 'చప్పన' అని తోసిపుచ్చేవారు గ్రహించవలసిన మొదటి సంగతి ఇది.

జర్మన్ భాషలో 'హెల్' అనగా లేత రంగు గలది. 1842లో బొహీమియాలోని పిల్సెన్ నగరంలో, బవేరియా నుండి వెళ్ళిన యోసెఫ్ గ్రోల్ బంగారు వన్నె గల లాగర్‌ను తయారు చేశాడు. ముదురు రంగు బీరుకు పేరొందిన మ్యూనిక్‌లో ష్పాటెన్ సంస్థ 1894లో తన లేత రంగు బీరును వెలువరించింది. పిల్సెన్ బీరులో హాప్స్ పూల చేదు ముందుకు వస్తుంది. హెల్లెస్‌లో మాల్ట్ రుచిదే, అనగా మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ రుచిదే పైచేయి. నీరు, మాల్ట్, హాప్స్, ఈస్ట్ తప్ప ఇందులో మరేమీ చేరవు. చల్లని వాతావరణంలో పులియబెట్టి, ఆపై వారాల తరబడి చలువలో నిల్వ ఉంచుతారు. 'లాగర్' అనే పేరు ఆ నిల్వ నుండే వచ్చింది. ఆల్కహాల్ సుమారు 5 శాతం.

పరీక్షకు జిడ్డు లేని గాజు గ్లాసు అవసరం. జిడ్డు నురగను చంపుతుంది. మంచు వలె చల్లబరిస్తే నాలుక మొద్దుబారి గుణమూ దోషమూ రెండూ తెలియవు. 7 నుండి 9 డిగ్రీల సెల్సియస్ తగినది.

ముందుగా కంటితో చూడాలి. రంగు లేత బంగారు వన్నెలో, ద్రవం తేటగా, నురగ తెల్లగా, నిలకడగా ఉండాలి. పిమ్మట వాసన చూడాలి. తాజా రొట్టెను తలపించే ధాన్యపు సువాసన, దాని వెనుక హాప్స్ పూల సన్నని పరిమళం ఉండడం సహజం. తరువాత ఒక గుక్క నోట నిలిపి మింగాలి. మొదట మృదువైన తీపి తోచి, చేదు దానిని సరితూచి, చివరకు నోరు శుభ్రంగా మిగలాలి.

దోషాలను గుర్తించడం కష్టం కాదు. వెన్న వాసన వస్తే పులియబెట్టడం సక్రమంగా ముగియలేదని అనుమానించవచ్చు. ఉడికిన మొక్కజొన్న వాసన సాధారణంగా మాల్ట్ రసాన్ని మరిగించి చల్లార్చడంలోని లోపాన్ని సూచిస్తుంది. తడిసిన అట్టముక్క వాసన గాలి సోకి పాతబడినందుకు గుర్తు. ముక్కు చిట్లించే దుర్వాసన వస్తే వెలుతురు తగిలిందని అర్థం. వెలుతురుకు హాప్స్‌లోని చేదు పదార్థాలు మార్పు చెందుతాయి. గోధుమ రంగు సీసా కొంత కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా కాపాడదు.

ఇందులో మొదటి రెండు సాధారణంగా తయారీలోని లోపాలు. తక్కినవి తరచుగా రవాణాలో, అంగడి అరలో కలుగుతాయి. సముద్రాలు దాటి, ఎండలో మ్రగ్గి మన చేతికి వచ్చిన ఒక్క సీసాను బట్టి తయారీదారుపై తీర్పు చెప్పడం న్యాయం కాదు. తయారైన తేదీని చూసి, వీలైతే వేరొక సీసాతో పోల్చాలి. రుచి తెలియడానికి నాలుగు గుక్కలు చాలు.

ఘాటు బీరుకు అలవాటుపడిన నాలుకకు హెల్లెస్ మొదట ఏమీ చెప్పదు. కాస్త వేచి చూస్తే, ఏ రుచీ మరొకదానిని త్రొక్కివేయకపోవడమే దాని ఘనత అని తెలుస్తుంది.